పాలచెరువులో ప్రభుత్వ కొర్రమట్టలు

పాలచెరువును ఐరోపా సరస్సుగా మార్చాలని మా సంస్థ తీర్మానించిన రోజున, ఆ చెరువులో నీళ్లు ప్రస్తుతం ఎలా ఉన్నాయని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. సరస్సుల పునరుజ్జీవన ప్రాధికార సంస్థలో ప్రజా సంబంధాల అధికారిని. ఉన్నదాన్ని వినసొంపుగా చెప్పడం నా ఉద్యోగం. చెరువు కంపు కొడుతోందని నేను రాయను, 'తన ఉనికిని దూరం నుంచే చాటుకుంటోంది' అని రాస్తాను.

తీర్మానానికి ముందు మా డైరెక్టర్ శశిభూషణ్ గారి నాయకత్వంలో ఒక బృందం ఐరోపా ఉత్తరాన ఉన్న ఒక దేశానికి వెళ్లి సరస్సులను అధ్యయనం చేసి వచ్చింది. నేను వెళ్లలేదు. వాళ్లు వెళ్లారని రాయడానికి ఇక్కడ ఒకరు ఉండాలి కదా. ఫొటోలు మాత్రం చూశాను. నీలంగా మెరిసే నీళ్లు, ఒడ్డున రెల్లు, దాని ముందు ఉన్ని టోపీ పెట్టుకుని మా డైరెక్టర్ గారు. ఏ ఫొటోలో చూసినా ఆయన వేలు దేనినో ఒకదాన్ని చూపిస్తూనే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన రెండు వస్తువులు తెచ్చారు. ఒకటి, సరస్సుల పునరుద్ధరణ మీద లావుపాటి మార్గదర్శక గ్రంథం. రెండు, తాడు కట్టిన నలుపు తెలుపు పళ్లెం. దాన్ని నీళ్లలోకి వదులుతూ పోవాలట. ఎంత లోతు దాకా కంటికి కనిపిస్తే నీరు అంత నిర్మలం అన్నమాట.

మొదటి సమీక్షా సమావేశంలో డైరెక్టర్ గారు లేచి గొంతు సవరించుకున్నారు.

"ఐరోపా శాస్త్రజ్ఞుల ప్రకారం లోతులేని సరస్సుకు రెండే స్థితులు. నిర్మల స్థితి, కలుషిత స్థితి. మన పాలచెరువు లోతులేనిది. అనగా, ఐరోపా సరస్సు అనిపించుకోవడానికి అవసరమైన అర్హతల్లో మొదటిది మనకు ఇప్పటికే సిద్ధించి ఉన్నది."

అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత అందరం కార్లెక్కి చెరువుకు వెళ్లాం. అటెండరు పళ్లెం వదిలాడు. అతని మణికట్టు తడిసేలోపే పళ్లెం కనబడకుండా పోయింది. పైకి లాగితే నలుపేదో తెలుపేదో తెలియలేదు, అంతా ఒకటే రంగులో ఉంది.

"అక్కడైతే తాటిచెట్టంత లోతున కూడా కనిపిస్తుంది," అన్నారు డైరెక్టర్ గారు, పళ్లేన్ని మరెవరికో అందిస్తూ.

గ్రంథంలో మొదటి అధ్యాయం పేరు, సరస్సులోకి మురుగు రాకుండా ఆపుట. పాలచెరువు గట్టు మీద నిలబడితే మురుగు ఎక్కడినుంచి వస్తోందో వెతకక్కర్లేదు. పక్కనే లేక్ వ్యూ కాలనీ ఉంది. కాలనీ మోరీ రాత్రింబవళ్లు చెరువులోకే దూకుతుంది. డైరెక్టర్ గారిల్లు ఆ కాలనీలోనే. ఖాతాల అధికారి కామేశం గారిదీ అక్కడే. నాదీ అక్కడే. కాబట్టి ఆ మోరీ గురించి మాకు తెలియదని ఎవరైనా అంటే అది అబద్ధం. మేమందరం పొద్దున్నే అందులోకి మా వంతు పంపించి, ఆ తర్వాత ఆఫీసుకు వచ్చి చెరువు గురించి బాధపడేవాళ్లం.

డైరెక్టర్ గారు ఆ అధ్యాయం తిరగేశారు.

"మొదటి అధ్యాయం ఐరోపాలో ఎన్నడో పూర్తయింది. నేను స్వయంగా చూశాను, ఏ సరస్సు దగ్గరా మోరీ లేదు. ఒకసారి పూర్తయిన పనిని మళ్లీ చేపట్టుట వనరుల దుర్వినియోగం కిందికి వస్తుంది. కావున మనం రెండో అధ్యాయంతో ప్రారంభిద్దాం."

"అదీ కాక మోరీ మునిసిపాలిటీది సార్," అన్నారు కామేశం గారు. "ఆ నీళ్లు చెరువులో కలిసిన తర్వాతే మన పరిధి."

అలా మొదటి అధ్యాయం ఆ సమావేశంలోనే ముగిసింది.

రెండో అధ్యాయం చేపల గురించి. చాలా ముచ్చటైన ఆలోచన. కంటికి సరిగ్గా ఆనని నీటిపురుగులు నాచును తింటాయి. కొన్ని చేపలు ఆ పురుగులను తింటాయి. మరికొన్ని అడుగున బురద కెలుకుతాయి. ఈ రెండు రకాల చేపలూ తగ్గితే నాచు తగ్గి నీళ్లు తేటపడతాయి. అవి తగ్గాలంటే వాటి పిల్లలను తినే పెద్ద చేపను వదలాలి. అక్కడ పైక్ అనే చేప ఆ పని చేస్తుందట. ఇక్కడ దాని స్థానంలో కొర్రమట్టను, అంటే కొరమీనును, వదలవచ్చని సాంకేతిక విభాగం సూచించింది.

అప్పుడు వచ్చింది అసలు చిక్కు.

"చేపలు కొనడానికి మనకు పద్దు లేదు సార్," అన్నారు కామేశం గారు.

"మరి ఏముంది?"

"సిబ్బందిని పెట్టుకోవడానికి ఉంది."

డైరెక్టర్ గారు వేలు పైకెత్తారు. "కొర్రమట్ట చేయబోయేది మన సంస్థ పనే కదా. సంస్థ పని చేసేవారిని ఏమంటాం?"

"సిబ్బంది అంటాం సార్."

అదే రోజు ఉత్తర్వు తయారైంది. కొర్రమట్టలన్నిటినీ పొరుగు సేవల, అంటే ఔట్‌సోర్సింగ్, పద్ధతిలో జల నియంత్రణ సహాయకులుగా నియమించారు. ఒక ఏజెన్సీ వాటిని డ్రమ్ముల్లో తెచ్చింది. వాటి తరఫున ఏజెన్సీ మేనేజరే విధుల్లో చేరినట్టు సంతకం చేశాడు. డైరెక్టర్ గారు మొదటి డ్రమ్ముకు పూలమాల వేశారు. నేను 'పాలచెరువుకు కొత్త రక్తం' అని ప్రెస్ నోట్ రాశాను.

ఆ వేడుకను ఒడ్డున నిలబడి చూసినవాళ్లలో అంజవ్వ ఒకరు. పాలచెరువు మత్స్య సహకార సంఘానికి ఆమె అధ్యక్షురాలు. ఆ చెరువులో చేపలు పట్టే హక్కు ఆ సంఘానిదే. వానలు పడ్డాక అప్పు చేసి బొచ్చె, బంగారుతీగ చేపపిల్లలను వదులుతారు. ఎండాకాలం చివర, మిర్గానికి పడతారు. మృగశిర కార్తె ప్రవేశించే ఆ రోజున మా వైపు ప్రతి ఇంట్లో చేపల కూర ఉడకాల్సిందే. ఏడాది పొడుగునా చేప మొహం చూడనివాళ్లు కూడా ఆ రోజు సంచి పట్టుకుని బయలుదేరుతారు. ఆ ఒక్క రోజు అమ్మకం మీదే సంఘంలో ఇంటింటి పొయ్యీ మళ్లీ మిర్గం దాకా వెలుగుతుంది. ఆ అమ్మకం పోతే ఆ ఏడు పోయినట్టే.

అంజవ్వ డ్రమ్ముల్లోకి తొంగి చూసి మొహమంతా నవ్వు చేసుకుంది.

"మస్తు పని జేసిండ్రు సారూ! గవర్మెంటోళ్లు కొర్రమట్టలు ఇడుసుడు నేనెన్నడు సూడలే. ఈ మిర్గానికి మా పంట పండినట్టే."

"అమ్మా," అన్నారు డైరెక్టర్ గారు మృదువుగా, "అవి చేపలు కావు. సిబ్బంది."

అంజవ్వ డ్రమ్ము వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. నేను నా చెప్పుల వంక చూసుకున్నాను.

వారం తిరగకుండానే ఆమె మరిది సాయిలు గాలానికి ఒక జల నియంత్రణ సహాయకుడు తగిలాడు. మా సంస్థ కాపలావాళ్లు చూశారు. ప్రభుత్వ సిబ్బంది విధులకు ఆటంకం కలిగించినందుకు సాయిలు మీద ఫిర్యాదు పట్టుకుని కామేశం గారు వెళ్లారు. స్టేషన్లో ఎస్సై మంచివాడు, కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు తల గోక్కున్నాడు.

"బాధితుడి పేరేం రాయాలి సార్?"

"హోదా రాస్తే చాలు," అన్నారు కామేశం గారు.

"తండ్రి పేరు?"

"ఏజెన్సీ పేరు రాయండి."

బాధితుణ్ణి బకెట్లో పెట్టి, విచారణ ముగిశాక జీపులో చెరువుకు పంపించారు. అది తిరిగి విధుల్లో చేరినట్టు మాకు నివేదిక వచ్చింది. సాయిలును మందలించి వదిలేశారు. మరుసటి రోజు చెరువు చుట్టూ బోర్డులు వెలిశాయి. 'సిబ్బంది విధుల్లో ఉన్నారు. వలలు నిషిద్ధం.'

అంజవ్వ ఆఫీసుకు వచ్చింది. డైరెక్టర్ గారు ఆమెను కూర్చోబెట్టారు. ఆయనలో చెడ్డతనం లేదు. ఉంటే పోట్లాడటానికి వీలుండేది.

"మీ నౌకర్లను మేం ముట్టం సారూ," అంది అంజవ్వ. "మా బొచ్చెలు, మా బంగారుతీగలు మేం పట్టుకుంటం. పిల్లలు దెచ్చి పోసింది మేమే గద."

"వలకు ఆ విచక్షణ ఉండదమ్మా," అన్నారు కామేశం గారు. "సిబ్బంది కూడా అందులో పడే అవకాశం ఉన్నది."

"పడితె మల్ల నీళ్లల్ల ఇడుస్తం. గంతే గద?"

"విధి నిర్వహణలో ఉన్న సిబ్బందిని క్షణకాలం నిర్బంధించినా నిర్బంధమే," అన్నారు డైరెక్టర్ గారు. "అయినను, మీ విన్నపాన్ని సానుభూతితో పరిశీలిస్తాం."

సానుభూతితో పరిశీలించడమంటే ఏమిటో అంజవ్వకు తెలియదు, నాకు తెలుసు. ఫైలు సాంకేతిక విభాగానికి వెళ్లింది. సిబ్బందిని గుర్తుపట్టే ఏర్పాటు ఉంటే అభ్యంతరం లేదని వాళ్లు రాశారు. అయితే ప్రతి కొర్రమట్ట రెక్కకూ గుర్తింపు బిళ్ల తగిలించాలన్నారు కామేశం గారు. బిళ్ల తగిలించాలంటే ముందు పట్టుకోవాలి. పట్టుకోవాలంటే వల వేయాలి. వలలు నిషిద్ధం. ఫైలు మళ్లీ మొదటి బల్ల మీదికి వచ్చి కూర్చుంది. అంజవ్వ వచ్చినప్పుడల్లా నేను టీ తెప్పించేవాణ్ణి. నాకు కోపం వచ్చేది. ఎవరి మీద చూపించాలో తెలియక ఆ రోజు ప్రెస్ నోట్‌లో విశేషణాలు తగ్గించేవాణ్ణి.

ఎండలు ముదిరాయి. చెరువు చుట్టూ నీళ్లు వెనక్కి జరిగాయి. మోరీ మాత్రం జరగలేదు.

సిబ్బంది అన్నాక హాజరు ఉండాలి. కొర్రమట్టకు ఒక అలవాటుంది, గాలి మింగడానికి ఉండుండి నీటి పైకి వచ్చి వెళుతుంది. దాన్నే హాజరుగా పరిగణించాలని ఆదేశం వచ్చింది. ఒడ్డున పందిరి వేసి, బైనాక్యులర్స్ ఇచ్చి, ఇద్దరు మనుషులను కూర్చోబెట్టారు. పైకి వచ్చిన ప్రతి మూతికీ ఒక హాజరు. ఎండ పెరిగేకొద్దీ హాజరు అద్భుతంగా మెరుగుపడిందని నివేదిక. ఇంకొన్నాళ్లకు, నియామకం లేని బొచ్చెలూ బంగారుతీగలూ కూడా తెల్లవారుతూనే పైకి వచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. దాన్ని మా సంస్థ ప్రజా భాగస్వామ్యంగా గుర్తించింది. ఆ మాట రాసింది నేనే.

ఆ రోజే అంజవ్వ డైరెక్టర్ గారి గదిలోకి తలుపు కొట్టకుండా వచ్చింది.

"ఊపిరాడక నోళ్లు తెరుస్తున్నయి సారూ! మీ కొర్రమట్టకేంది, అది గాలి మింగి బతుకుతది. మా చేపలకు నీళ్లల్లనే గాలి గావాలె. ఆ మోరీల ఇంకేం గాలుంటది? ఇయ్యాలో రేపో సస్తయి. ఒక్క పూట వలలు ఇడువనియ్యుండ్రి, మీ కాళ్లు మొక్కుత!"

ఆమె చెప్పిన దాంట్లో మాకు కొత్త సంగతి ఒక్కటీ లేదు. సాంకేతిక విభాగం అంతకుముందే అదే రాసింది. డైరెక్టర్ గారు గ్రంథం తీశారు. నిజంగా బాధపడుతున్న మనిషి లాగే పేజీలు తిప్పారు.

"ప్రాణవాయువు అంశం మొదటి అధ్యాయంలోనిదమ్మా," అన్నారు. "మనం రెండో అధ్యాయంలో ఉన్నాం."

ఆ పై వారం తొలకరి పడింది. గట్టి వాన. కాలనీ మోరీల్లో ఏడాదిగా పేరుకున్నదంతా ఒక్కసారిగా చెరువులోకి కొట్టుకొచ్చింది. తెల్లారి కాలనీ కిటికీలన్నీ మూసే ఉన్నాయి. నేను ముక్కుకు రుమాలు కట్టుకుని గట్టెక్కాను.

చెరువు తెల్లగా ఉంది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా చేపలు పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. అంజవ్వ నీటి అంచున కూర్చుని ఉంది. చేతిలో ఒక బొచ్చె ఉంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని కొంగుతో బురద తుడుస్తోంది.

"ఎంత పెద్దగైందో సూడు సారూ," అంది. "ఇంక నాలుగు దినాలైతె మిర్గం."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మేము చంపాం వాటిని. కాలనీలో ఇంటికొకరం చొప్పున అందరం చంపాం.

ఆఫీసుకు వెళ్లేసరికి అక్కడ మిఠాయిలు పంచుతున్నారు. నీటిపురుగులను తినే బొచ్చెలూ, బురద కెలికే బంగారుతీగలూ తగ్గాలని కదా రెండో అధ్యాయం. ఒక్క రాత్రిలో అవి తగ్గడం కాదు, లేకుండానే పోయాయి. కొర్రమట్టలు మాత్రం ఒక్కటీ పోలేదు. లక్ష్యం పూర్తిగా సాధించినందుకు సిబ్బందికి సత్కార సభ పెట్టాలని డైరెక్టర్ గారు నిర్ణయించారు. ముఖ్య అతిథికి మిర్గం రోజు ఖాళీ ఉంది. సభ ఆ రోజే.

చచ్చిన చేపల సంగతి కామేశం గారు నిబంధనల ప్రకారం తేల్చారు. అవి సంఘం ఆస్తి. కావున సభా సమయానికి సంఘమే వాటిని తన స్వంత ఖర్చుతో తొలగించాలి. నోటీసు పట్టుకుని వెళ్లింది నేను. అంజవ్వ చదివించుకుని విన్నది. "మంచిది సారూ," అంది అంతే. సంఘంలోని ఆడా మగా అందరూ రోజంతా గంపలతో మోశారు. గుంట తవ్వి పూడ్చారు. కుళ్లి మోయరాకుండా అయినవాటిని చేతులతో ఎత్తారు.

మిర్గం నాడు ఒడ్డున షామియానా వేశారు. వాసన తెలియకుండా స్తంభానికొక అగరుబత్తుల కట్ట వెలిగించారు. ముఖ్య అతిథి ముక్కు మీద నుంచి చెయ్యి తీయకుండానే దీపం వెలిగించారు. పట్టణం నుంచి జనం బాగానే వచ్చారు. సభ కోసం కాదు, ఏటా ఆ రోజు చేపల కోసం వచ్చేవాళ్లు అలవాటుగా సంచులతో వచ్చి కుర్చీలు కనిపిస్తే కూర్చున్నారు.

డైరెక్టర్ గారు మైకు అందుకున్నారు. "ఐరోపాలో దశాబ్దాలు పట్టిన కార్యాన్ని మన సిబ్బంది ఒక్క ఎండాకాలంలో నెరవేర్చారు. పాలచెరువు పునరుద్ధరణలో రెండో అధ్యాయం ఈ క్షణంతో విజయవంతంగా ముగిసినదని ప్రకటించుటకు సంతోషిస్తున్నాను!"

తర్వాత, భాగస్వాముల తరఫున రెండు ముక్కలు మాట్లాడమని అంజవ్వను పిలిచారు. కార్యక్రమంలో ఆ అంశం చేర్చింది నేనే. ఆమె తిడుతుందని లోలోపల ఆశ. ఆమె మైకు ముందుకు వచ్చి డైరెక్టర్ గారికి దండం పెట్టింది.

"నాకు మాట్లాడరాదు సారూ. ఒక్కటే అడుగుత. మీ నౌకర్లు మస్తు పని జేసిండ్రు. మరి వాళ్లు రిటైర్ ఎప్పుడయితరు?"

జనంలో నవ్వు లేచింది. డైరెక్టర్ గారూ నవ్వారు. ప్రశ్న ఆయనకు నచ్చింది, పాలనాపరమైనది.

"పొరుగు సేవలవారికి పదవీ విరమణ ఉండదమ్మా. ఏ పనికి తీసుకున్నామో ఆ పని ముగియగానే వారి సేవలు వాటంతట అవే ముగుస్తాయి."

"పనెప్పుడు ముగుస్తది?"

"ఇప్పుడే కదమ్మా ప్రకటించాను! రెండో అధ్యాయం ముగిసింది."

"అంటే ఇప్పుడు గవి నౌకర్లు గావా?"

డైరెక్టర్ గారు నోరు తెరిచి, మూసి, కామేశం గారి వైపు తిరిగారు. కామేశం గారు నిబంధన విషయంలో కన్నతండ్రికి కూడా లొంగని మనిషి. లేచి నిలబడి స్పష్టంగా చెప్పారు.

"కొనసాగించాలంటే కొత్త ఉత్తర్వు కావాలి సార్. అది వచ్చేదాకా అవి చేపలే."

అంజవ్వ మైకు వదలకుండానే చెరువు వైపు తిరిగింది.

"సాయిలూ! వల ఇడువురా!"

పది వలలు ఒకేసారి లేచాయి. ఎండకు కుంచించుకుపోయి, ఒక్క వానకు నిండని చెరువులో కొర్రమట్టలన్నీ ఒకే మూలన ఉన్నాయి. మొదటి వల ఒడ్డుకు వచ్చేసరికి షామియానాలో కుర్చీలు ఖాళీ. జ్ఞాపికల బల్ల దగ్గర నేనూ డైరెక్టర్ గారూ మిగిలాం. ముఖ్య అతిథి డ్రైవరు రెండు పెద్దవి ఏరుకుని కారు డిక్కీలో పెట్టించాడు. సత్కారం అందుకోవలసినవాళ్లలో మొదట ఇల్లు చేరింది డిక్కీలోని ఆ ఇద్దరే. పోయిన బొచ్చెలకూ బంగారుతీగలకూ ఇవి సరితూగవు, సంఘం అప్పు తీరదు. అయినా మిర్గం నాడు అంజవ్వ తక్కెడ ఖాళీగా లేదు. అది చూసి నాకు పట్టరాని సంతోషం కలిగింది.

డైరెక్టర్ గారు గ్రంథంలో మూడో అధ్యాయం తెరిచారు. నేను అక్కడే కూర్చుని ప్రెస్ నోట్ రాశాను. 'రెండో అధ్యాయంలో విశిష్ట సేవలందించిన సిబ్బందికి ప్రజలు ఘనంగా వీడ్కోలు పలికారు.' నా ఉద్యోగంలో నేను రాసిన నిజమైన వాక్యం అదొక్కటే.

తర్వాత నేనూ వరుసలో నిలబడ్డాను. అంజవ్వ నాకొక మంచి కొర్రమట్టను ఏరి ఇచ్చింది. చేతిలోకి తీసుకుని, తెలియకుండానే మొహం పక్కకు తిప్పుకున్నాను.

"ఏంది సారూ?"

"కొంచెం మోరీ వాసన..."

"గా వాసన మాది గాదు, మీదే," అంది అంజవ్వ, అవతలివాళ్లకు చేప తూస్తూనే. "మీ ఇంట్లకెల్లి వచ్చిందే మల్ల మీ ఇంటికి వోతాంది. తీస్కపో."

చేపను ఇంటికి తెచ్చి, పసుపూ ఉప్పూ వేసి కడిగాను. వాసన పోక మళ్లీ కడిగాను. కడిగిన నీళ్లు పెరటి తూములో పోసి, అవి ఎటు వెళుతున్నాయో చూస్తూ నిలబడ్డాను.